పైడమ్మకు వదిలిన చరణం

అమ్మవారికి ఓ దండం పెట్టుకుని దగ్గరగా జరగండి తల్లీ. నేను చెబుతుంటే మీరు ఊ కొట్టండి.

ఎప్పటి మాటో ఇది, మన తాతల తాతలకే పాత మాట. ఓ ఊళ్లో పైడమ్మ అని నాట్లు వేసే కూలిమనిషి ఉండేది. బిడ్డ పుడితే ఉయ్యాల దగ్గర పాడేది. పెళ్లయితే పందిట్లో పాడేది. మనిషి పోతే పాడె వెంట పాడేది. మూడింటికీ ఒకటే పాట, ఒకటే వరస.

ముసలితనంలో ఆమె గొంతు బొంగురుపోయింది. మడిలో ఆమె పాట ఎత్తుకుంటే, పసిబిడ్డ తల్లి గవరమ్మ నవ్వేది.

"అత్తా, నువ్వు పాడితే కప్పలు జవాబిస్తున్నాయి."

"నవ్వవే నవ్వు. నేను పోతే నాకెవరు పాడతారు?"

"నేను పాడతానులే."

"మాటేనా?"

"మాటే."

ఆ నాట్ల రోజుల్లోనే పైడమ్మ పోయింది. ఒకటే వాన, పైగా నాట్ల పని. పాట లేకుండానే మట్టి చేశారు.

మర్నాడు ఆడవాళ్లు వెనక్కి అడుగులేస్తూ నాటుతున్నారు. పాట ఎత్తుకున్నారు, పాడారు, ఆపారు. వాళ్ల వెనకాల నీళ్లలోంచి ఇంకో గొంతు అందుకుంది. బొంగురు గొంతు. తిరిగి చూస్తే నీళ్లే.

తర్వాత ఓ పెళ్లిపందిట్లో వినబడింది, ఎవరూ కూర్చోని చాప మీద నుంచి.

ఆ తర్వాత గవరమ్మ ఇంట్లో, ఉయ్యాల పక్కన. పసివాడు ఏడుపు మానేశాడు. పాలు మానేశాడు. మూలకేసి చూసి నవ్వుతాడు, వింటాడు. వింటూ వింటూ చిక్కి పుల్లయిపోయాడు.

గవరమ్మకు తన మాట గుర్తొచ్చింది. బిడ్డను భుజానేసుకుని పైడమ్మను పెట్టిన దిబ్బకు వెళ్లింది.

"అత్తా, నాకు పాట రాదు. అయినా పాడతాను. నా బిడ్డను నాకిచ్చెయ్యి."

పాడింది. గొంతు జీరబోయింది, వరస తప్పింది. ఆఖరి చరణం గుర్తురాక ఆగిపోయింది.

ఆ చరణం మట్టికింద నుంచి వచ్చింది. మెల్లగా, ఉయ్యాల ఊపుతున్నట్టు.

అది అయిపోగానే పసివాడు గుక్కపట్టి ఏడ్చాడు. పాలకోసం.

అంతా ఆ అమ్మవారి దయ. ఇప్పటికీ మా వైపు పాట రానివాళ్లు కూడా పాడె వెంట గొంతు కలుపుతారు. ఉయ్యాల దగ్గరైనా, పందిట్లోనైనా, పాడె వెంటైనా ఆఖరి చరణం మాత్రం ఎవరూ పాడరు. ఓ ఊపిరిసేపు ఊరుకుంటారు.

నాట్లలో వెనకాల ఎవరైనా అందుకుంటే, "కానియ్యి అత్తా" అంటారు.

వెనక్కి తిరిగి చూడరు.