తలుపులేని వారి పిల్ల

గవరయ్యకు కూతురు పుట్టి అయిదో నెల నడుస్తోంది. పిల్లకు ఇంకా పేరు పెట్టలేదు. ముహూర్తం దొరక్క కాదు, చేతిలో డబ్బు లేకా కాదు. తన ఇంటిపేరు సంగతి తేలక.

వాళ్ళ ఇంటిపేరు తలుపులేని వారు. వంశధార ఒడ్డున ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకెవరికీ లేని పేరు. బడిలో తోటి పిల్లలు ఏడిపించారు, పెళ్ళిలో బావమరదులు ఏడిపించారు. అన్నిటికీ నవ్వి ఊరుకున్నాడు గానీ, బారసాల మాట వచ్చేసరికి దిగులు పట్టుకుంది. మంచిదో చెడ్డదో తెలియని పేరును పసిదాని నెత్తిన ఎలా పెట్టడం? ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు కనుక్కుంటాను, తర్వాతే బారసాల అన్నాడు. ఎలాగూ పెళ్ళయితే మారిపోయే పేరే కదా అని భార్య ఆదెమ్మ అంది. గవరయ్య వినలేదు. పట్టు పట్టాడంటే వదిలే మనిషి కాదు, అదే అతనితో చిక్కు.

పురుడు పోసుకున్న ఆదెమ్మను, పిల్లను అత్తవారింట్లోనే వదిలి ఊళ్ళు పట్టుకు తిరిగాడు.

మొదట చినతాత దగ్గరికి వెళ్ళాడు. మన ముత్తాత మహానుభావుడు, కరువు రోజుల్లో ఎవరైనా ఏ వేళకైనా వచ్చి గంజి తాగి పోవచ్చని ఇంటి తలుపు ఊడదీయించాడు అని ఆయన చెప్పాడు. గవరయ్య ఛాతీ కాస్త పొంగింది. ఆ పొంగు ఎంతోసేపు నిలవలేదు. వంశాలు చదివే భట్టు ఒకాయన గొంతు తగ్గించి, ఆ ముత్తాత పేరుమోసిన దొంగ అనీ, రాజుగారి మనుషులు శిక్షగా తలుపు పీకించి మళ్ళీ పెట్టుకోకూడదని ఆనతిచ్చారనీ చెప్పాడు. ఇక మేనత్త చెప్పింది విన్నాక మతే పోయింది. ఆ ముత్తాత అసలు ఆ ఇంటివాడే కాదట. ఇల్లరికం వచ్చి మామగారి ఇంటిపేరు పెట్టుకున్నాడట. మరి అంతకు ముందు ఆయన ఇంటిపేరేమిటి అంటే, ఆవిడకు తెలియదు.

దాత మనవడా, దొంగ మనవడా, ఇద్దరికీ ఏమీ కానివాడా? అన్నం తింటున్నా అదే, పడుకున్నా అదే. ఈలోగా ఆదెమ్మ కబురు పంపింది. ఈ పౌర్ణమి దాటితే తానే ఏదో ఒక పేరు పెట్టేసుకుంటుందట, తండ్రి వచ్చినా రాకపోయినా.

గవరయ్య పరుగున కూర్మయ్య స్వామి దగ్గరికి వెళ్ళాడు. ఏటి గట్టున చిన్న పాకలో ఉంటాడు స్వామి. గవరయ్యకు ఉపదేశం ఇచ్చిన గురువు. మూడు కథలూ వరసగా చెప్పి, ఏది నిజమో తమరే చెప్పాలి స్వామీ అని కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

స్వామి అతని ముఖం చూసి, పొద్దున్నే ఏమైనా తిన్నావా అని అడిగాడు. తినలేదు. చద్దన్నం పెట్టి, కుండలో ఉన్న పెరుగంతా గీకి మరీ వేశాడు. గవరయ్య తిని చెయ్యి కడుక్కునేసరికి, స్వామి కాచిన పాలు దించి గోరువెచ్చగా ఆరబెడుతున్నాడు.

"పాలు తోడు పెట్టడానికి చేమిరి లేదు నాయనా, ఉన్నదంతా నీకే వేశాను. ఊళ్ళో కాస్త అడిగి తీసుకురా. ఊరికే తెచ్చెయ్యకు. ఎవరింటి నుంచి మొదలై వచ్చిందో కనుక్కో. మంచిచోటిదని తేలితేనే తే."

ఇదేం పని అనుకున్నాడు గవరయ్య. అయినా గురువు మాట, కాదనలేదు. చిన్న ముంత పట్టుకుని ఎండలో బయలుదేరాడు.

మొదటి ఇంట్లో చింతపండు గింజలు తీస్తున్న ముసలమ్మ ముంతలో రెండు చెంచాల పెరుగు వేసింది. ఇది మీకు ఎవరిచ్చారు అని అడిగితే వింతగా చూసింది. తమ పెరుగుకుండను పిల్లి దొర్లించేసిన నాడు కంసాలి వారింట తెచ్చుకున్నామని చెప్పింది. గవరయ్య ఆ పెరుగు ఆమెకే ఇచ్చేసి కంసాలి వారింటికి నడిచాడు. వాళ్ళు సింహాచలం వెళ్ళొచ్చేసరికి ఇంట్లో చుక్క పెరుగు లేదట, పడవ నడిపే రాములు ఇంట తీసుకున్నారట. రాములు ఇల్లు రేవు అవతల. పడవ కోసం చాలాసేపు కూర్చోవాల్సి వచ్చింది. నెత్తి మాడిపోతోంది, కాళ్ళు కాలిపోతున్నాయి. పెరుగు కోసం ఇంత తిరుగుడా అని మొదటిసారి గురువు మీద విసుక్కున్నాడు. విసుక్కున్నందుకు మళ్ళీ భయపడ్డాడు.

రాములు పెళ్ళాం అతని ప్రశ్న విని నవ్వేసింది.

"ఏటి బాబూ, తెలీనట్టు అడుగుతావు? మా ఆవు ఎండిపోయినాక మాకాడ పెరుగెక్కడిది? మళ్ళీ పాడి వచ్చినప్పుడు మీ సామే ఇచ్చాడు కదా ముంతెడు."

గవరయ్య ఆ ఇంటి అరుగు మీద కూలబడ్డాడు. దీని మొదలు స్వామి కుండే అయితే తను తిన్నది అదే. మరి స్వామి కుండలోకి ఎక్కణ్ణుంచి వచ్చింది? స్వామి ఎవరింట అడిగాడో, ఆ ఇంటివాళ్ళు ఇంకెవరిని అడిగారో? ఆలోచించిన కొద్దీ బుర్ర గిర్రున తిరిగింది. చివరికి ఆమె దగ్గరే కాస్త పెరుగు పోయించుకుని పాకకు చేరేసరికి పొద్దు వాలింది.

స్వామి పాలగిన్నె మీద మూత తీసి చూపించాడు.

పాలు విరిగిపోయి ఉన్నాయి. అంత మంచి చిక్కటి పాలు, పొద్దున గవరయ్య కళ్ళ ముందే పొంగిన పాలు, ఎండ వేడికి పులిసి ముక్కలు ముక్కలైపోయాయి.

"ఏ ఇంటి చేమిరి వేసినా తోడుకునేవి నాయనా. పాలే ఆగలేదు."

గవరయ్య చేతిలో ముంత పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎందుకో అతనికి పిల్ల గుర్తొచ్చింది. దాని ముఖం తలుచుకోబోయాడు. తలుపు ఊడదీస్తున్న ముత్తాత కనిపించాడు, శిక్ష పడిన దొంగ కనిపించాడు, మూట పట్టుకుని ఇల్లరికం వస్తున్న పడుచువాడూ కనిపించాడు. పిల్ల ముఖం మాత్రం రాలేదు. పుట్టిన నాడు ఒక్కసారి చూశాడు, అంతే. ఎంత తలుచుకున్నా రాలేదు.

ముంత అరుగు మీద పెట్టాడు. స్వామి కాళ్ళకు దణ్ణం పెట్టి, అత్తవారి ఊరి దారి పట్టాడు. గట్టు దిగేదాకా నడిచాడు, ఆ తర్వాత పరుగెత్తాడు.