పేరు మారిన నాటకం

పెదవంక సంస్థానంలో నాటకం ఎలా ఉందో చూసిన జనం చెప్పకూడదు. ముందు వరసలో కూర్చున్న పండితులే చెప్పాలి. ఆ దసరాకి మూడు కొత్త నాటకాలు వచ్చాయి. సేనాపతి బావమరిది రాసింది అమోఘమన్నారు. పేదవాడు ఓబులేసు రాసింది చెత్తన్నారు. ఆ మాట పట్టుకుని రాజు, నాటకం చూడకుండానే, ఓబులేసును పొలిమేర దాటించాడు.

మూడోది రాజుగారిది. ఆడాల్సింది ఓబులేసు చెల్లెలు నాంచారమ్మ మేళం. ఆమె రాజుగారి పేరు చాటించి, అన్న నాటకాన్నే మళ్లీ ఆడించింది. మొన్న దానికి కునికిపాట్లు పడిన పండితులు ఈసారి కళ్లు తుడుచుకున్నారు. తన నాటకాన్ని ఆస్థానకవి చేత రాయించుకుని, చదవను కూడా చదవని రాజు లేచి దండ వేయించుకున్నాడు.

"ఇది తమరు రాసిందేనా ప్రభూ?" అంది నాంచారమ్మ.

"ప్రతి అక్షరం నాదే."

"మొన్న మా అన్న పేరుతో ఆడింది ఇదే. రాసినవాణ్ణి పొలిమేర దాటించమన్నది తమరే. బండి కట్టించమంటారా?"

రెండుసార్లూ చూసిన జనం రాజు వంకే చూశారు. ఆజ్ఞ రద్దయింది. ఓబులేసు తిరిగొచ్చాడు.

పండితులు మాత్రం ఇప్పటికీ ముందు వరసలోనే ఉన్నారు. కాకపోతే, తెర లేవకముందే రాసిందెవరో రెండుసార్లు అడుగుతున్నారు.