కడ్డీ మీది గీత

మఠం పెద్ద గవిసిద్ధయ్య తాతను ప్రశ్న అడిగినవాడు జవాబు తీసుకుని వెళ్లడం అరుదు. పని తీసుకుని వెళ్లేవాడు. ధ్యానం కుదరడం లేదన్నవాణ్ని గొర్రెల దొడ్డి ఊడ్వమన్నాడు. మౌనం గొప్పదా, మాట గొప్పదా అని వాదం పెట్టుకున్న ఇద్దరిని ఒకే రంపానికి చెరొక వైపు నిలబెట్టాడు. అందుకే ఒక ఉదయం పంపాపతి తాత ముందు కూర్చుని గొంతు సవరించుకున్నప్పుడు పక్కనున్న శిష్యులు నవ్వు ఆపుకున్నారు.

"తాతా, అనుమానం చెడ్డదంటారు అందరూ. నాకట్ల తోచదు. ఇంటికి గొళ్లెం ఎట్లనో మనిషికి అనుమానం అట్ల. అది లేనోని కొంప నిలుస్తుందా?"

అడిగినవాడి బాధ ఏమిటో మఠంలో అందరికీ తెలుసు. ఆదోనిలో పంపాపతికి పత్తి అంగడి ఉండేది. సొంత తమ్ముడే రోజూ పక్కన కూర్చుని అన్నం తింటూ, ఆ అంగడిని తన పేరుకు మార్చుకున్నాడు. ఆ తర్వాత పంపాపతి ఎవరి మాటా ఒక పట్టాన నమ్మలేదు. మఠానికి వచ్చాక కూడా, చెప్పులు విడిచిన చోటు నుంచి చూపు మరల్చకుండా భజన చేసేవాడు.

తాత "మన ట్రాక్టరుకు ఆయిలు, గ్రీజు చూసుకునే మనిషి లేడు. నువ్వు చూసుకో నాయనా," అన్నాడు. అంతే, లేచి స్నానానికి పోయాడు.

ఆ ట్రాక్టరు చాలామంది శిష్యుల కంటే వయసులో పెద్దది. ఎవరో భక్తుడు కొత్తది కొనుక్కుని పాతదాన్ని మఠానికి వదిలిపోయాడు. ఎర్ర రంగు వెలిసి ఇటుక పొడిలా అయింది. ఇంజను మీది రేకు ఒక పక్క ఊడిపోయింది. అయినా తొలకరిలో ముంగారు వాన పడగానే మఠం చేలతో పాటు, ఎద్దులు లేని చుట్టుపక్కల బీదవాళ్ల చేలన్నీ అదే దున్ని విత్తేది. నల్లరేగడిలో విత్తడానికి కావలసిన తడి, పదును, ఎక్కువ కాలం ఆగదు. అదను తప్పితే ఆ ఏడు ఇంక అంతే. దాన్ని నడిపేవాడు ఉరుకుందప్ప. పక్క ఊరివాడు, మాట తక్కువ. తాత మీది గురితో వచ్చి, కూలి తీసుకోకుండా ఊరికే నడిపిపోయేవాడు.

పంపాపతి పనిని శ్రద్ధగానే పట్టుకున్నాడు. పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగానే, ఆయిలు కొలిచే కడ్డీని బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ దించి, మళ్లీ లాగి, పైగీతకూ కిందిగీతకూ మధ్య ఆయిలు ఎంతవరకు అంటిందో చూసేవాడు. ముందు చక్రాల కీళ్లలో పాత మురికి గ్రీజు అంచుల వెంట బయటికి వచ్చేదాకా కొత్తది ఎక్కించేవాడు. గాలిని వడపోసే గిన్నె విప్పి, అడుగున పేరుకున్న మట్టిని గీకి కడిగేవాడు. చేతులకు పని దొరికాక కొన్నాళ్లు అతని మనసు కూడా కుదుటపడింది.

తర్వాత ఆయిలు తగ్గడం మొదలైంది.

పోసేకొద్దీ తగ్గుతోంది. వంగి చూస్తే కింద నేల మీద చుక్క లేదు. కారకుండా పోతోందంటే ఎవరో తీస్తున్నట్టే. ఇంజను నడిచేటప్పుడు గొట్టంలోంచి నీలంగా పొగ రావడం పంపాపతి చూడకపోలేదు. కానీ పొగను పట్టుకుని నిలదీయలేం కదా. మనిషిని నిలదీయవచ్చు. ఉరుకుందప్పకు బావి దగ్గర నీళ్లు తోడే సొంత ఇంజనుంది. సీటు వెనక ఎప్పుడూ ఒక డబ్బా వేలాడుతూ ఉంటుంది. ఈ రెండూ పంపాపతి మనసులో పక్కపక్కన చేరి కూర్చున్నాయి.

"ఆయిలు మళ్లా తగ్గింది," అన్నాడు ఒకరోజు, ఉరుకుందప్ప ముఖం వైపే చూస్తూ.

"ముసలి బండి గదన్నా, తాగుతుంది."

"బండే తాగుతుందా? బండి పక్కనుండేటోళ్లు కూడా తాగుతారా?"

ఉరుకుందప్ప నవ్వాడు. అది హాస్యమనుకున్నాడు. ఆ నవ్వు పంపాపతికి మింగుడుపడలేదు. దొంగ అయితే తప్ప ఇంత తేలిగ్గా ఎవడు నవ్వుతాడు?

ఉరుకుందప్ప కాళ్లు కడుక్కోవడానికి పోయిన సమయం చూసి, ఆ డబ్బా మూత తీశాడు. లోపల తాగే నీళ్లున్నాయి. నీళ్లు చూశాక అనుమానం తీరాల్సింది పోయి మరింత పెరిగింది. 'నేను చూస్తానని ముందే పసిగట్టి మార్చినాడు, ఘటికుడు,' అనుకున్నాడు. ఆ సాయంత్రమే ఇంజనులో ఆయిలు పోసే మూత చుట్టూ సన్నని నల్ల దారం చుట్టి ముడి వేశాడు. ఎవరు మూత తిప్పినా దారం తెగాల్సిందే. తాళంచెవి తన దగ్గరే ఉన్నట్టుగా నిబ్బరం కలిగింది.

అప్పటినుంచి ఆయిలు తగ్గడం ఆగింది. ఆగడమే కాదు, కొన్నాళ్లకు కడ్డీ మీద కాస్త పైకి కనిపించింది. మరి కొన్నాళ్లకు పైగీతను తాకింది. పంపాపతి గుండె ఉప్పొంగింది. తాత దగ్గరికి పరుగున పోయాడు.

"దొంగకు భయం పట్టింది తాతా. తీసినదంతా తెచ్చి మళ్లా పోస్తున్నాడు. నేను కాపలా కాయకుంటే ఇది జరిగేదా?"

"పోసేటోణ్ని చూసినావా?"

"చూడలేదు."

"దారం?"

"కట్టింది కట్టినట్టే ఉంది. అంత నేర్పు వానిది!"

తాత అతని ముఖంలోకి చూసి, "జాగ్రత్త," అన్నాడు. ఎవరి విషయంలో అని పంపాపతి అడగలేదు. తనకు తెలుసనుకున్నాడు.

ముంగారు వాన మంచి అదనులో పడింది. వాగు పక్కనున్న హంపమ్మ చేనుతో విత్తనం మొదలుపెట్టాలని తాత చెప్పాడు. హంపమ్మకు భర్త లేడు, ఎద్దులు లేవు. ఉన్న ఆ కాస్త చేను మీదే ఆమె ఇల్లు గడవాలి. గట్టు మీద ఆడవాళ్లు, మగవాళ్లు విత్తనాల గంపలతో నిలబడ్డారు. ఉరుకుందప్ప ఎక్కి ఇంజను స్టార్టు చేశాడు. రెండు క్షణాలు చెవి ఒగ్గి, "అన్నా, ఆయిలు చూసినావా? గొంతు మారినట్లుంది," అని అరిచాడు.

పంపాపతికి అదే అదనైంది. పదిమందీ ఉన్నారు. మంచితనంగా మందలించి వదిలేస్తే తన పెద్దరికం కూడా నిలుస్తుంది.

"పైగీత దాటి ఉంది. ఎట్ల నిండిందో నీకు తెలీదా? తీసిన చేత్తోనే పోసినావు. పోనీలే, బుద్ధి వచ్చింది, అదే చాలు."

ఉరుకుందప్ప ఇంజను ఆపాడు. గట్టు మీదివాళ్లంతా ఇటు తిరిగారు.

"నేను తీసిననా?" అన్నాడు.

ఉరుకుందప్ప దిగి, భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకుని, చేనుకు అడ్డంపడి తన ఊరి దారి పట్టాడు. వెనక్కి తిరిగి చూడలేదు. 'నిజం గుచ్చుకుంది,' అనుకున్నాడు పంపాపతి.

"ఏందయ్యా ఇది, పదునారిపోతాంది," అంది హంపమ్మ.

పంపాపతి తానే ఎక్కాడు. మొదటి సాలు బాగానే సాగింది. మలుపు తిరిగి చేను నడుముకు వచ్చేసరికి ఇంజను లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు చప్పుడు మొదలైంది. ఎదురుగా ఆయిలు ఒత్తిడి చూపే ముల్లు చూస్తుండగానే అడుగుకు పడిపోయింది. అతను ఆపేలోపే ఇంజను కీచుమని బిగుసుకుని తనంతట తానే ఆగిపోయింది.

కబురు విని తాత నెమ్మదిగా నడిచి వచ్చాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. కడ్డీ లాగాడు. గీత వైపు చూడనైనా చూడకుండా, దాని కొసన అంటినదాన్ని రెండు వేళ్ల మధ్య నలిపాడు. ఆ వేళ్లను పంపాపతి ముక్కు దగ్గర పెట్టాడు.

డీజిలు వాసన. వేళ్ల మధ్య జిగురు లేదు, నీళ్లలా జారిపోతోంది.

పట్నం నుంచి మేస్త్రీ వచ్చి విప్పాక సంగతి తేలింది. డీజిలును ఇంజనుకు అందించే చిన్న పంపులో రబ్బరు పొర ఈమధ్యనే చిరిగింది. అక్కడినుంచి డీజిలు రోజూ కొంత కొంత లోపలికి దిగి ఆయిలులో కలుస్తోంది. ముసలి ఇంజను ఆయిలును కాల్చుకుంటూనే ఉంది, తగ్గిన చోటును డీజిలు నింపుతూ వచ్చింది. ఎవరూ తీయలేదు, ఎవరూ పోయలేదు. దారం మొదటినుంచీ నిజమే చెబుతోంది. అది తెగనందుకు పంపాపతి ఉరుకుందప్ప నేర్పును మెచ్చుకున్నాడే తప్ప, దాని మాట వినలేదు.

అరిగిపోయిన బేరింగులు మార్చి, కొత్త ఆయిలు పోసి ఇంజను నిలబెట్టేలోపు పదును ఆరిపోయింది. అడిగి తెచ్చిన ఎద్దులతో హంపమ్మ చేను సగమే విత్తగలిగారు. మిగిలిన సగం ఆ ఏడంతా నల్లగా, బోసిగా ఉండిపోయింది.

పంపాపతి ఉరుకుందప్ప ఊరికి పోయాడు. అతను బావి దగ్గర మడికి నీళ్లు మళ్లిస్తున్నాడు. పంపాపతి గట్టు మీద నిలబడి, "నాది తప్పయిందప్పా. నిన్ను అనరాని మాటన్నా," అన్నాడు.

ఉరుకుందప్ప పార ఆపకుండానే విన్నాడు. మడి నిండాక, "తాత కోసం వస్తాలే. బండి నడుపుతా," అన్నాడు. ఇంకెటో చూస్తూ, "నువ్వు ఆ మాటన్నప్పుడు మా పెద్దమ్మి గంప ఎత్తుకోని ఆడ్నే ఉండె," అన్నాడు.

పంపాపతి గట్టు దిగాడు. తిరిగి వస్తూ దారి పొడుగునా, హంపమ్మ చేను గట్టు మీద నిలబడ్డ ఆడవాళ్లలో ఉరుకుందప్ప పెద్దకూతురి ముఖం ఏదో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. గుర్తు రాలేదు. ఆరోజు అతను ఉరుకుందప్ప ముఖం తప్ప ఎవరి ముఖమూ చూడలేదు.

మఠానికి చేరేసరికి తాత అరుగు మీద కందులు చెరుగుతున్నాడు. పంపాపతి వచ్చి కింద కూలబడ్డాడు.

"తెలిసింది తాతా. అనుమానం చెడ్డదే. ఇంక ఎవర్నీ అనుమానించను."

తాత చేట ఆపాడు.

"నీకు అనుమానం ఎక్కువై ఇంజను పోలేదు పంపాపతీ. చాలక పోయింది."

పంపాపతి తలెత్తి చూశాడు. తాత మళ్లీ చేట అందుకుంటూ అన్నాడు:

"నీ అనుమానం నీకు నచ్చిన చోటికి రాంగానే ఆగిపోయింది."