సన్యాసమ్మ చెయ్యి

అనగనగా అంటే అందరూ ఊఁ కొట్టాలి తల్లీ. ఊఁ కొట్టకపోతే కథకు కోపమొస్తుంది. సరే, అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యంలో సరస్వతమ్మ దయవల్ల ఊరూరా రాజుగారి బడి ఉండేది. పాలేరు బిడ్డా, నాయుడుగారి బిడ్డా ఒకే చాప మీద కూర్చునే బడి.

ఓ ఊళ్ళో సన్యాసమ్మ అని ఓ ముసలమ్మ. నలుగురిళ్ళూ అలికి పొట్ట పోసుకునేది. ఆమెకు మిగిలింది మనవరాలు ముత్యాలొక్కతే. ఆ పిల్ల బడిలో తొలిసారి "అ" దిద్దిన రోజున, సన్యాసమ్మ ఆ పలక తెచ్చి దేవుడి గూట్లో పెట్టి దణ్ణం పెట్టుకుంది. మర్నాడు పలక లేక పిల్ల ఏడిస్తే, అప్పుడు తీసిచ్చింది.

ఓ ఏడు రాజుగారికి ముచ్చటేసింది. "మన బడులు గొప్పవి. ఏటా వాటికి పండగ చెయ్యండి" అని చాటింపు వేయించాడు. దివానుగారు బండెడు మామిడాకులతో, మేళంతో దిగారు. బడికప్పు చూస్తే చిల్లులు.

"పండక్కి ముందు ఇల్లు చూసుకోరా నాయనా?" అంది సన్యాసమ్మ.

"రాజుగారు తోరణాలు కట్టమన్నారు. కప్పు సంగతి చెప్పలేదు" అన్నారు దివానుగారు.

తోరణాలు కట్టారు. మేళం మోగింది. వెళ్ళిపోయారు. వానొచ్చింది.

రెండో ఏడు కప్పులోంచి కారిన నీళ్ళకు గోడ నెర్రె విచ్చింది.

"పండక్కి ముందు ఇల్లు చూసుకోరా నాయనా?"

"రాజుగారు తోరణాలు కట్టమన్నారు. గోడ సంగతి చెప్పలేదు."

తోరణాలు కట్టారు. మేళం మోగింది. వెళ్ళిపోయారు. వానొచ్చింది.

మూడో ఏడు సాక్షాత్తు రాజుగారే వస్తానన్నారు. గోడ అప్పటికి పొట్ట ఉబ్బినట్టు లోపలికి ఒరిగింది. పిల్లల్ని ఆ గోడ కిందే కూర్చోబెట్టి పాట పాడించాలని ఏర్పాటు. గొంతు బాగుంటుందని ముందు వరసలో ముత్యాలు.

"పండక్కి ముందు ఇల్లు చూసుకోరా నాయనా? పసిపిల్లలు."

"ఏటే ముసిల్దానా, ఏటేటా ఇదే పాట. గోడ కనబడకుండా పట్టుబట్ట కట్టిస్తున్నాంగా."

పంతులుగారి దగ్గరికెళ్ళింది. "నేనూ చెప్పాను సన్యాసమ్మా. ఇంకోమాటంటే నన్ను పంపేస్తారు" అని ఆయన తల దించుకున్నాడు. ఊళ్ళోవాళ్ళనడిగింది. "రాజుగారొస్తుంటే అపశకునం మాటలేంటమ్మా" అన్నారు.

పండగ ముందునాటి సాయంత్రం తనే మట్టి పిసికి గోడకు మెత్తింది. అరచేయి ఆనిస్తే గోడ కదిలింది. బతుకంతా గోడలు అలికిన చెయ్యి అది. గోడ ఇక నిలవదని దానికి తెలిసిపోయింది.

"ముత్యాలూ, గుళ్ళో దీపం పెట్టి రా తల్లీ" అని పిల్లను పంపేసింది.

"అమ్మా సరస్వతీ, నీ ఇల్లు కూలుస్తున్నాను. తప్పు కాయి" అంది. గునపం పెట్టి పెకలించింది. గోడ పడింది. పక్కకు తప్పుకునే వయసు కాదామెది.

తెల్లారీ తెల్లారకముందే, మేళం రాకముందే, ఆమెను కాటికి సాగనంపేశారు. గోడ లేని చోట పట్టుబట్ట కట్టారు. రాజుగారు కూర్చున్నారు. పిల్లలు పాట అందుకున్నారు. ముత్యాలు పాడకుండా పట్టుబట్ట వైపే తిరిగి కూర్చుంది. గాలికి బట్ట లేచింది. వెనకాల మట్టిపెళ్ళ మీద అయిదువేళ్ళ ముద్ర, ఇంకా పచ్చిగా.

"అదేమిటి?" అన్నాడు రాజు.

"ఈ ఊరివాళ్ళ అలంకారం ప్రభూ" అన్నారు దివానుగారు.

"బాగుంది" అన్నాడు రాజు. వెళ్ళిపోయాడు. వానొచ్చింది.

ఆ వానలోనే ముత్యాలు పిడికెడు మట్టి తీసి పునాది మీద పెట్టింది. పంతులుగారు ఓ పిడికెడు పెట్టాడు. ఊరంతా వచ్చి తలో పిడికెడూ పెట్టింది. గోడ లేచింది. కప్పు మాత్రం కారుతూనే ఉంది.

ఇప్పటికీ ఆ సీమలో బడిపండగంటే, తోరణం కట్టేముందు కన్నవాళ్ళంతా గోడ మీద మట్టిచెయ్యి వేస్తారు. ఎవరైనా తమ బడి గొప్పలు చెప్పబోతే, "సన్యాసమ్మ చెయ్యి పడిందా?" అని అడుగుతారు. చాలాచోట్ల ఇంకా పడలేదు.

ఈ కథ కంచికి పోలేదు నాయనా. ఆ గోడ దగ్గరే ఉండిపోయింది. మీరు ఇళ్ళకు పోతూ పోతూ, మీ ఊరి బడిగోడకు ఒకసారి చెయ్యి ఆనించి చూడండి.