మానిందా, మూసుకుందా

మూడోసారి కూడా కంత మూసుకుపోయేసరికి వినీలకు కాస్త గర్వమొచ్చింది. ఎముకల ఆపరేషన్లు నేర్చుకుంటున్న ఆమె, ఏడాది కింద సాంబక్క విరిగిన కాలికి తనే స్టీలు ప్లేటు బిగించింది. ఆ తర్వాత పిక్క కింద చిన్న కంత పడి చీము కారడం, తను మందులు రాయడం, కారడం ఆగడం. ఈసారి కేసు షీట్లో "గాయం మానింది" అని రాసి, గురువు ఇస్మాయిల్ సార్ ముందు పెట్టింది.

సార్ చదివాడు. "మానిందా, మూసుకుందా?"

"రెండూ ఒకటే కదా సార్. చీము తుడిచి ల్యాబుకు పంపితే ఏ క్రిమీ లేదని వచ్చింది."

"పైన తుడిచి అడిగితే, లోపల ఎవరూ లేరనే చెప్తాయి క్రిములు." మంచం మీది సాంబక్క వైపు తిరిగాడు. "ఏమక్కా, ఎట్లుంది?"

"మీ డాక్టరమ్మ మానిందంటది. నాకేమో లోపల ఎవలో గోరుతో గీకుతున్నట్టుంది సారూ. కాలు తీసేస్తరా ఏంది? నాట్లేసే కాలు!"

"ఎముక అతుక్కుంది. ఇనుమే పోతది, కాలుంటది." సార్ షీట్లో మందులన్నీ కొట్టేశాడు. "రెండు వారాలు ఏమీ ఇవ్వకు. జ్వరమొస్తే మాత్రం ఆ క్షణమే నాకు చెప్పు."

వినీల షీటు అందుకుంది. "క్రిములు పెరుగుతాయి సార్!"

"పెరగనీ. మందు పడుతున్నంతసేపు పరీక్షలో పలకవు."

పన్నెండో రోజు కంత దానంతటదే తెరుచుకుంది.

థియేటర్లో ప్లేటు బయటికొచ్చింది. తళతళలాడుతోంది. చీమూ లేదు, మరకా లేదు.

"అనవసరంగా కోశామా సార్?"

సార్ ఎముక చుట్టూ ఐదు చోట్ల ల్యాబు కోసం ఐదు కండ ముక్కలు తీశాడు, ఒక్కోదానికి వేరే కత్తితో. తర్వాత వినీల గ్లవుజు వేలు పట్టుకుని ప్లేటు మీద పెట్టాడు.

వేలు జారింది. కంటికి కనపడని పాచి. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"దీని కింద పడుకున్నాయి," అన్నాడు సార్. "నువ్వు మందిచ్చినప్పుడల్లా కదలకుండా."

ప్లేటును సెలైన్ సీసాలో వేసి, పాచి ఊడొచ్చేలా సన్నగా వణికే మిషన్లో పెట్టాడు. ఐదు నిమిషాలకు తేటనీళ్లు మసకబారాయి, లోపల ఏదో ఊపిరి వదిలినట్టు.

మూడో రోజు ల్యాబులో ఐదు ముక్కల నుంచీ, సీసా నీళ్ల నుంచీ ఒకటే క్రిమి మొలిచింది. దానికి పనిచేసే మందు కూడా తేలింది.

"ఎప్పుడు చేరుంటాయి సార్?"

"నువ్వు ప్లేటు బిగించిన రోజే."

"ఆ రోజు అంతా శుభ్రంగా ఉంది సార్. కళ్లారా చూశాను."

"ప్లేటునూ కళ్లారానే చూశావు."

వినీల మెల్లగా తన అరచేతులు తిప్పి చూసుకుంది. తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి.