బొద్దన్న కాల్చిన వాఫిల్

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు ఒడ్డున ఒక రాతి గుహ. ఆ గుహలో బొద్దన్న అనే ఎలుగుబంటి, అతని కూతురు నేరేడు ఉండేవాళ్లు. పుట్టినప్పుడు ఆ పిల్ల కళ్లు నల్లగా, గుండ్రంగా మిలమిలలాడాయట. అందుకే వాళ్లమ్మ ఆ పేరు పెట్టింది. ఆ తల్లి కిందటి వానాకాలంలో జబ్బుచేసి చనిపోయింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో మిగిలింది తండ్రీకూతుళ్లే.

బొద్దన్న బలం సంగతి అడవిలో అందరికీ తెలుసు. దారికి అడ్డంగా చెట్టు పడితే అతన్నే పిలిచేవారు. బురదలో బండరాయి కూరుకుపోయినా అతన్నే పిలిచేవారు. కానీ వంట మాత్రం అతనికి రాదు. రోజూ నిప్పుల్లో దుంపలు కాల్చేవాడు. సగం మాడిపోయేవి, సగం పచ్చిగా ఉండేవి. నేరేడు మాడినదంతా గీకేసి, పచ్చిదంతా కష్టపడి నమిలి, "బాగుంది నాన్నా" అనేది. అతను తల వంచుకునేవాడు.

ఆ చలికాలం ఒక గూడకొంగ ఆ వాగు దగ్గర దిగింది. గూడకొంగని చూశారా ఎప్పుడైనా? ముక్కు కింద పెద్ద సంచీ వేలాడుతూ ఉంటుంది. ఈ గూడకొంగ పేరు సంచెమ్మ. ఎక్కడో దూరదేశం నుంచి ఎగిరొస్తుంటే దారిలో రెక్కకి దెబ్బ తగిలింది. బొద్దన్న ఆమెని గుహలోకి తీసుకొచ్చి, ఆకు పసరు రాసి, రెక్క బాగయ్యేదాకా చూసుకున్నాడు.

ఒకరోజు సంచెమ్మ తన ముక్కు సంచీలోంచి ఒక వింత వస్తువు బయటికి తీసింది. పొడుగు పిడులున్న రెండు ఇనుప పెనాలు అవి. ఒకదాని మీద ఒకటి మూసుకునేలా బందు వేసి కలిపారు. లోపలంతా గళ్లు గళ్లుగా ఉంది.

"ఇదేంటి అత్తా?" అంది నేరేడు.

"వాఫిల్ పెనం. చూస్తూ ఉండు," అంది సంచెమ్మ.

గోధుమపిండిలో పుల్ల పెరుగు, మగ్గిన అరటిపండు, కాస్త బెల్లం, చిటికెడు సోడా వేసి కలిపింది. "మా దేశంలో కొందరు గుడ్డు కూడా వేస్తారు. నా ముందు ఆ మాట ఎత్తకండి," అని మూతి ముడిచింది. పెనాన్ని పొయ్యి మీద పెట్టి కాల్చింది. లోపలి నుంచి గళ్ల గళ్ల రొట్టె వచ్చింది. పైన కరకరలాడుతోంది, లోపల మెత్తగా ఉంది. గళ్లల్లో తేనె పోస్తే ఎక్కడిదక్కడ నిలిచింది. నేరేడు చాలా రోజుల తర్వాత మనసారా నవ్వింది. బొద్దన్న ఆ నవ్వు చూశాడు.

రెక్క బాగయ్యాక సంచెమ్మ బయల్దేరింది. "నా సంచీ బరువు తగ్గించుకుంటాను. ఈ పెనం మీరే ఉంచుకోండి. తమ్ముడూ, దీనితో పని చాలా తేలిక. రెండు వైపులా కాగనియ్యి. ప్రతి గడికీ వెన్న రాయి. ఆవిరి ఆగేదాకా తెరవకు. అంతే," అని చెప్పి ఎగిరిపోయింది.

బొద్దన్న తల ఊపాడు. పెనాన్ని గుహ గోడకి తగిలించాడు. మళ్లీ దాని జోలికి పోలేదు. తన చేతులకి అంత సున్నితమైన పని రాదనుకున్నాడు.

ఎండాకాలం వచ్చింది. ఒక పొద్దున నేరేడు ఎవరి సాయమూ లేకుండా మద్దిచెట్టు చిటారుకొమ్మ దాకా ఎక్కేసింది! ఆ అడవిలో ఎలుగుబంట్లకి అదొక పెద్ద పండుగ. పిల్ల మొదటిసారి చిటారుకొమ్మ అందుకుంటే, మర్నాడు ఆ ఇంటివాళ్లు తమ పొయ్యి మీద ఒక వంటకం చేసి ఇరుగుపొరుగు అందరికీ పెట్టాలి. ఆ వంటకం ఏమిటో పిల్లే చెట్టు మీద నుంచి చెప్పాలి.

నేరేడు కొమ్మ పట్టుకుని గట్టిగా అరిచింది.

"అందరూ రేపు మా ఇంటికి రండి! మా నాన్న వాఫిల్స్ చేస్తాడు!"

కింద నిలబడ్డ బొద్దన్న తన మోటు చేతులకేసి చూసుకున్నాడు.

పక్కనే ముళ్లపంది సూదమ్మ ఉంది. ఆమె నోరు ఆమె ముళ్లకంటే వాడి. "నువ్వా? వంటా? ఇంట్లో తినే బయల్దేరతాంలే నాయనా," అనేసింది.

మర్నాడు తెల్లారగానే బొద్దన్న పిండి కలిపాడు. రాళ్ల పొయ్యి వెలిగించాడు. పెనాన్ని గోడ మీద నుంచి దించి, దుమ్ము తుడిచి, నిప్పు మీద పెట్టాడు. గళ్లకి వెన్న రాసి, పిండి పోసి, మూత వేశాడు. పక్కనే కూర్చుని కాపలా కాశాడు. తర్వాత తెరిచి చూస్తే, కింది వైపు బొగ్గులా ఉంది. పై వైపు తెల్లగా పిండి పిండిగా ఉంది.

"అయ్యో! రెండు వైపులా కాగనియ్యమంది కదా సంచెమ్మ! నేను పెనాన్ని తిప్పనే లేదు," అని నెత్తి కొట్టుకున్నాడు.

నేరేడు ఆ తెల్ల వైపు వేలితో పొడిచి చూసింది. "ఈసారి తిప్పు నాన్నా," అంది.

రెండోసారి పెనాన్ని ఖాళీగానే ఇటూ అటూ తిప్పి బాగా కాచాడు. తొందరలో గబగబా పిండి పోశాడు. తెరవబోతే పెనం రాలేదు. బలం పెట్టి లాగాడు. వాఫిల్ ఒక్కో గడిలో ఒక్కో ముక్కగా అతుక్కుపోయింది. ఈసారి వెన్న రాయడం మర్చిపోయాడు. పిల్లలూ, ఆ గళ్లల్లోంచి మాడిన పిండి తియ్యాలంటే ఎంత ఓపిక కావాలో! బొద్దన్న వాగు దగ్గర కూర్చుని, వెదురుపుల్ల చెక్కి, ఒక్కో గడిని గీకాడు. పుల్ల విరిగితే ఇంకొకటి చెక్కాడు. నేరేడు పక్కనే కూర్చుని నీళ్లు పోసింది.

"నాన్నా, చేతులు కాలాయా?"

"లేదమ్మా," అన్నాడు. నిజానికి కాలాయి.

మూడోసారి రెండు వైపులా కాచాడు. ప్రతి గడికీ వెన్న రాశాడు. పిండి పోసి మూశాడు. పెనం అంచుల నుంచి ఆవిరి బుస్సుమని వచ్చింది. అప్పటికే ఎండ ఎక్కుతోంది. దూరంగా అతిథుల మాటలు వినిపిస్తున్నాయి. అయిందో లేదో అని బొద్దన్న మనసు ఆగలేదు. ఒక్కసారి కొంచెం తెరిచి చూద్దామనుకున్నాడు. తెరిచాడు. వాఫిల్ అడ్డంగా చిరిగింది. సగం పై పెనానికి, సగం కింది పెనానికి అంటుకుని మధ్యలో తీగలు తీగలుగా సాగింది.

బొద్దన్న పెనం పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులు వేసుకుని కూర్చున్నాడు.

"నాన్నా, నేను వెళ్లి వచ్చినవాళ్లకి నీళ్లిచ్చి వస్తాను," అని నేరేడు వాగు దగ్గరికి పరిగెత్తింది.

అప్పుడే కొండముచ్చు తోకరాయుడు ఒక పెద్ద బుట్ట మోసుకుంటూ వెనక దారిన వచ్చాడు. అడవి చివర బాటసారులకి వండిపెడతాడు అతను. ఎవరో బాటసారి ఇచ్చిన వాఫిల్ పెనం అతని దగ్గరా ఒకటి ఉంది. మంచివాడే. స్నేహితుడు అవస్థ పడుతుంటే చూడలేడు.

"బావా, పొగ చూసి సంగతి అర్థమైంది," అని బుట్ట మీద ఆకు తీశాడు. లోపల బంగారు రంగు వాఫిల్స్ దొంతర పెట్టి ఉన్నాయి. "పొద్దున నా దగ్గర చేశాను. నువ్వే చేశానని చెప్పు. ఎవరికి తెలుస్తుంది? పిల్ల పరువు నిలబడుతుంది."

బొద్దన్న బుట్టకేసి చూశాడు. చిరిగిన తన వాఫిల్‌కేసి చూశాడు. సూదమ్మ మాట గుర్తొచ్చింది. నేరేడు చెట్టు మీద నుంచి అరిచిన అరుపు గుర్తొచ్చింది. చెయ్యి చాపి బుట్ట అందుకున్నాడు.

"నీ మేలు మర్చిపోను బావా," అన్నాడు మెల్లగా.

బుట్ట పట్టుకుని గుహ మలుపు దాకా వచ్చాడు. అవతల నేరేడు గొంతు వినిపించింది. ఆగాడు.

జింకపిల్ల అడుగుతోంది. "మీ నాన్నకి వాఫిల్స్ వచ్చాయా?"

"ఇంకా రాలేదు," అంది నేరేడు. "ఒకటి మాడింది. ఒకటి అతుక్కుపోయింది. ఒకటి చిరిగింది."

"మరి నీకు సిగ్గుగా లేదా?"

"సిగ్గెందుకు? మా నాన్న ఆ పెనంలో ఒక్కో గడీ పుల్లతో గీకాడు తెలుసా! చెయ్యి కాలినా నాకు చెప్పలేదు. నేను చూశానులే. మద్దిచెట్టు ఎక్కేటప్పుడు నేను కూడా ఎన్నిసార్లు జారానో! మా నాన్న మళ్లీ చేస్తాడు చూడు."

ఆ పిల్ల గొంతులో బెరుకు లేదు. చిటారుకొమ్మ మీద ఎంత గర్వంగా అరిచిందో, ఇప్పుడూ అంతే గర్వంగా చెబుతోంది.

బొద్దన్న కళ్లు చెమ్మగిల్లాయి. తన చేతిలోని బుట్ట ఒక్కసారిగా బండరాయంత బరువైంది. 'నా కూతురు నన్ను చూసి గర్వపడుతోంది. ఇప్పుడు నేను అబద్ధం చెబితే, ఆ గర్వం కూడా అబద్ధమైపోతుంది,' అనుకున్నాడు.

తల ఎత్తి, బుట్టతో సహా అందరి ముందుకు నడిచాడు. అడవి గేదెలు, కుందేళ్లు, జింకలు, సూదమ్మ, అందరూ అప్పటికే కూర్చుని ఉన్నారు.

"అందరూ వినండి," అన్నాడు బొద్దన్న. "ఈ బుట్టలోవి నేను చేసినవి కావు. తోకరాయుడు బావ చేశాడు. చాలా బాగా చేశాడు. పిల్లలకి ఆకలిగా ఉంటే పెట్టండి. నేను పొద్దుట్నుంచి చేసినవన్నీ పాడయ్యాయి. ఇప్పుడు మీ ముందే మళ్లీ చేస్తాను. కుదిరితే తిందురుగాని. కుదరకపోతే తేనె తాగి వెళ్దురుగాని."

తోకరాయుడు చెట్టు చాటు నుంచి సిగ్గుపడుతూ వచ్చి కూర్చున్నాడు. నేరేడు పరిగెత్తుకొచ్చి తండ్రి పక్కన నిలబడింది.

బొద్దన్న పెనాన్ని మళ్లీ శుభ్రంగా గీకాడు. నిప్పు మీద ఇటు కాచాడు, అటు కాచాడు. ఒక్కో గడిలోకీ వెన్న పోయేలా రాశాడు. పిండి పోసి మూశాడు. కాసేపటికి పిడులు పట్టుకుని పెనాన్ని మెల్లగా తిరగేశాడు.

బుస్సుమని ఆవిరి వచ్చింది.

"అయిందేమో, తెరువు!" అంది కుందేలు.

"మాడుతుందయ్యా!" అంది సూదమ్మ.

బొద్దన్న తెరవలేదు. కొండలు కదిలించే ఆ చేతులు, పెనం పిడుల మీద కదలకుండా ఉన్నాయి. పిల్లలూ, బండరాయిని ఎత్తడం కంటే అది అతనికి కష్టమైన పని.

ఆవిరి సన్నబడింది. ఇంకా సన్నబడింది. ఆగిపోయింది.

అప్పుడు తెరిచాడు.

వాఫిల్ తనంతట తానే పెనాన్ని వదిలి ఆకులోకి జారింది. చెక్కుచెదరని గళ్లు. ఒక మూల మాత్రం కొంచెం నల్లబడింది. మిగతాదంతా పండిన మామిడిపండు రంగు.

"వచ్చింది! మా నాన్నకి వచ్చేసింది!" అని నేరేడు గెంతింది. అడవి గేదెలు అరిచాయి. జింకలు కాళ్లతో నేలని తట్టాయి.

ఆ పెనంలో ఒకసారికి ఒకటే వస్తుంది కదా! ఒక వాఫిల్ రాగానే అందరూ తలా ఒక గడి తుంచుకున్నారు. ఇంకొకటి వచ్చేదాకా పొయ్యి చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. ఆవిరి ఆగినప్పుడల్లా పిల్లలు, "ఇప్పుడు!" అని ఒక్కసారిగా అరిచారు. కొన్ని అంచులు మాడాయి. ఒకటి కాస్త వంకరగా వచ్చింది. అయినా ఒక్క తునక కూడా మిగల్లేదు.

తోకరాయుడు దగ్గరికొచ్చి, "బావా, నీకు సాయం చేస్తున్నాననుకున్నాను. నీ పండుగనే నీ చేతిలోంచి లాగేసుకోబోయాను," అన్నాడు. బొద్దన్న నవ్వి అతని చేతిలో వేడి వేడి ముక్క పెట్టాడు.

సూదమ్మ తన వంతు తింది. వేళ్లు నాకింది. "నాయనా, ఆ మాడిన మూల ఎవరూ తినకపోతే నాకిలా పడెయ్యి," అంది. ఆమె నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఎవరూ ఎప్పుడూ వినలేదు.

అంతలో ఒక నెమలి ఆలస్యంగా వచ్చింది. జరిగిందేమీ ఆమెకి తెలియదు. ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్లు పెద్దవి చేసి అడిగింది.

"ఎంత బాగుంది! ఎవరు చేశారమ్మా ఇది?"

నేరేడు చెప్పబోయింది. కానీ అంతకంటే ముందే బొద్దన్న వీపు నిటారుగా పెట్టి, నెమలి కళ్లల్లోకి సూటిగా చూస్తూ చెప్పాడు.

"నేనే చేశాను."

ఆ గొంతు వాగు అవతలి గట్టు దాకా వినిపించింది.

నీతి: పని రాదన్న సంగతి దాచి, ఇంకొకరి పనిని మనదని చెప్పుకుంటే దొరికేది ఉత్త మెప్పే; రాదని ఒప్పుకుని, ఓపిగ్గా మళ్లీ మళ్లీ చేసి నేర్చుకుంటే దొరికేది తల ఎత్తుకునే గర్వం.