నౌయా నిద్రపోతోంది, కూర్చోండి

అనగా అనగా, ఎండాకాలంలో కూడా మంచు కరగని ఒక సముద్రపొడ్డు. అక్కడ చెట్టు మొలవదు, కట్టెపుల్ల దొరకదు. అక్కడుండే వాళ్ళని ఇన్యూట్లు అంటారు. వాళ్ళ కథ మన ఊరికెలా వచ్చిందని అడక్కండి. మా అమ్మమ్మ చెప్పింది, నేను విన్నాను, ఇప్పుడు మీరు వినండి. మధ్యలో నవ్వారంటే మాత్రం లేచిపోతాను.

ఆ ఒడ్డున నౌయా అని ఒక ముసలమ్మ ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఇపిలి అని ఒక తమ్ముడు, వేటగాడు. ఆ ఇపిలికి పానిక్ అని ఒక కూతురు. నౌయాకి చేతనైంది ఒకటే పని. సముద్రంలో సీల్ అని ఒక జంతువుంటుంది, దాని తోలుతో బూట్లు కుట్టేది. ఆవిడ కుట్టిన బూటులోకి చుక్క నీరు దిగేది కాదు. అక్కడ బూటులోకి నీరు దిగితే కాలివేళ్ళు పోతాయి. వేళ్ళు పోతే వేట పోతుంది. వేట పోతే ఇంటిల్లిపాదికీ పస్తే.

ఇక్కడే ఉంది అసలు సంగతి. ఇనుప సూదులన్నీ ఒక వ్యాపారి చేతిలో ఉండేవి. వాడు ఆ ఊరివాడు కాదు, ఎక్కడినుంచో ఊడిపడ్డాడు. సూది చేతికిచ్చేవాడు, పది జతలు కుట్టించుకునేవాడు, తొమ్మిది జతలు పట్టుకుపోయేవాడు. ఊళ్ళో మగాళ్ళు చిరుగుల బూట్లతోనే మంచు మీదికి పోయేవారు. ఇపిలికి రెండు వేళ్ళు అలాగే పోయాయి. తోలు వీళ్ళది, చెయ్యి వీళ్ళది, బూట్లు మాత్రం వాడివి. విన్నారా విడ్డూరం?

ఇలా ఉండగా దూరదేశపు దొర ఒకాయన ఓడ మీద కబురు పంపాడు. ఇన్యూట్లలో ఎవరైనా సొంతంగా కొట్టు పెట్టుకుంటామంటే సాయం చేస్తాం, తిరిగి ఇవ్వక్కర్లేదు అన్నాడు. సూదులు, కత్తెరలు, కొట్టు కట్టుకోవడానికి చెక్క పలకలు. అయితే ఒక షరతు పెట్టాడు. కొట్టు ఎవరిదో వాళ్ళే స్వయంగా అందుకోవాలి, వాళ్ళ వేలిముద్రే కాగితం మీద పడాలి. మనిషి లేకపోతే సామానంతా ఓడెక్కి వెనక్కి పోతుంది.

నౌయా మూడు పగళ్ళు నడిచి ఓడ దగ్గరికి వెళ్ళింది. అక్కడ కాగితాల గుమాస్తా ఒకాయన కూర్చునున్నాడు.

"నువ్వు ఇన్యూట్ మనిషివేనని ఏమిటి రుజువు?" అన్నాడు.

మంచులో పుట్టి మంచులో ముసలిదైపోయిన మనిషిని పట్టుకుని అడగాల్సిన మాటేనా అది? సాక్షులు కావాలట, వచ్చే ఏడు రమ్మన్నాడు. ఆవిడ తిట్టనూ లేదు, ఏడవనూ లేదు. వంగి అతని కాళ్ళ వైపు చూసింది. తోలుజోళ్ళు నీళ్ళోడుతున్నాయి. జానతో అతని పాదం కొలుచుకుని వెళ్ళిపోయింది.

రెండో ఏడు మళ్ళీ మూడు పగళ్ళు నడిచింది. సాక్షుల్ని తెచ్చింది, గుమాస్తాకి ఒక జత బూట్లూ తెచ్చింది. ఒక బూటు బొటనవేలి దగ్గర బిగుతైంది. ఆవిడ అక్కడే కూలబడి, ఆ అంచు నోట్లో పెట్టుకుని కసకసా నమలడం మొదలుపెట్టింది. వాళ్ళ పద్ధతే అంత, తోలు మెత్తబడాలంటే నమలాల్సిందే. గుమాస్తా బిత్తరపోయి మొహం తిప్పుకున్నాడు. అయినా బూట్లు తొడుక్కున్నాడు, వెచ్చగా ఉన్నాయి. తొడుక్కునే అడిగాడు, నీ కొట్టు ఏదీ అని. కొట్టు ఉన్నవాళ్ళకే సాయమట! కొట్టు కట్టుకోవడానికే కదా నాయనా పలకలు అడుగుతున్నాను, అంది నౌయా. పైవాళ్ళని అడుగుతాను, వచ్చే ఏడు రమ్మన్నాడు. విన్నారా విడ్డూరం?

మూడో ఏడు మళ్ళీ మూడు పగళ్ళు. ఈసారి గుమాస్తా కాగితం మీద రాశాడు. నౌయా, బూట్ల కొట్టు. వచ్చే వేసవికి సామాను నీ గుమ్మంలోకే వస్తుంది పో, అన్నాడు.

ఆ చలికాలమే నౌయాని దగ్గు పట్టుకుంది. పానిక్ అప్పుడు నిండు చూలాలు. మేనత్త తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నౌయా ఆమె కడుపు మీద చెయ్యి వేసింది.

"వేసవికి నా సరుకొస్తుంది. అప్పటికి నన్ను లేపి ఉంచు," అంది.

మూడో రోజున పోయింది. నాకు ఇది చెప్పినప్పుడల్లా గుండె కలుక్కుమంటుంది. అంత దూరం మూడేళ్ళు నడిచిన మనిషి, ఒక్క వేసవి ఆగలేకపోయింది.

తరవాత నెల తిరక్కుండా పానిక్‌కి ఆడపిల్ల పుట్టింది. నౌయా అని పేరు పెట్టారు. ఆగండి, ఇది మన పేరు పెట్టడంలాంటిది కాదు. మనమూ బామ్మ పేరు పెట్టుకున్న పిల్లని పేరెత్తి తిట్టడానికి జంకుతాం. వాళ్ళు అంతటితో ఆగరు. పేరొచ్చిందంటే మనిషొచ్చినట్టే. కన్నతల్లి ఆ పసిగుడ్డుని "అత్తా, పాలు తాగు" అనేది. తలనెరిసిన ఇపిలి వంగి "అక్కా, చలేస్తోందా?" అని అడిగేవాడు. ఊళ్ళో ఒక్కరూ నవ్వలేదు. మీరూ నవ్వకండి.

వేసవి వచ్చింది, ఓడ వచ్చింది. గుమాస్తా పడవ నిండా సామాను వేసుకుని, కాళ్ళకి అవే బూట్లు తొడుక్కుని ఒడ్డున దిగాడు. వ్యాపారి కూడా తయారయ్యాడు. ముసలిది పోయిందని వాడికి తెలుసు. సామాను వెనక్కి పోతే సూదులకి మళ్ళీ తన గుమ్మం దగ్గరికే వస్తారని వాడి ఆశ.

నౌయా ఏదీ అన్నాడు గుమాస్తా. నిద్రపోతోంది, కూర్చోండి, అంది పానిక్. కూర్చున్నాడు.

కాసేపటికి మళ్ళీ అడిగాడు. పాలు తాగుతోంది, కూర్చోండి, అంది. ముసలావిడ పాలు తాగడమేమిటో అతనికి అర్థం కాలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకుని కూర్చున్నాడు.

మూడోసారి అడిగాడు. ఇప్పుడే లేచింది, కాస్త చిరాగ్గా ఉంది, అని పానిక్ ఆరునెల్ల పిల్లని ఎత్తుకొచ్చి అతని ముందు తోలు మీద బోర్లా పడుకోబెట్టింది. గుమాస్తా పిల్లనీ కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు.

వ్యాపారి ముందుకొచ్చాడు. మోసం బాబూ, ఆ ముసలిది చలికాలంలోనే చచ్చిపోయింది, అన్నాడు.

అంతే! ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చి పిల్ల చెవులు మూశారు. ఒక పెద్దావిడ మొహం మీదే నువ్వు చచ్చిపోయావని అంటాడా మనిషన్నవాడు! ఇపిలి పిల్లకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. వ్యాపారి వైపు చూడను కూడా చూడకుండా గుమాస్తాతో అన్నాడు.

"అయ్యా, మా అక్క మూడేళ్ళు మీ దగ్గరికి నడిచింది. ఈ ఏడు నడవలేదు. అంతే తేడా."

గుమాస్తాకి ఒక చేతిలో కాగితం, ఎదురుగా పసిపిల్ల. సామాను మళ్ళీ పడవెక్కించమని చెయ్యెత్తాడు. ఈలోపల పిల్ల బరబరా పాకి అతని కాలి దగ్గరికి చేరింది. రెండు చేతులతో బూటు పట్టుకుంది. సరిగ్గా బొటనవేలి దగ్గర అంచు నోట్లో పెట్టుకుని కసకసా నమలడం మొదలుపెట్టింది.

పళ్ళొచ్చే పిల్ల ఏది దొరికితే అది కొరుకుతుంది, నాకు తెలీదా? గుమాస్తాకీ తెలుసు. అయినా ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. అప్పుడు ఏ అంచు చూసి మొహం తిప్పుకున్నాడో అదే అంచు అది. ఈసారి మొహం తిప్పుకోలేదు. పిల్ల తనంతట తాను వదిలేదాకా కాలు కదపకుండా నిలబడ్డాడు. తరవాత మోకాళ్ళ మీద కూర్చుని, చిటికెనంత ఉన్న పిల్ల చేతి బొటనవేలికి సిరా రాసి, కాగితం మీద అద్దాడు.

మూడేళ్ళూ ఆవిడని నువ్వు నువ్వు అన్న మనిషి, ఆరునెల్ల పిల్లకి చేతులు జోడించాడు.

"అమ్మా, మిమ్మల్ని చాలా నడిపించాను. క్షమించండి," అన్నాడు.

నమ్మాడో, సిగ్గుపడ్డాడో నాకు తెలీదు. సూదులు మాత్రం ఊళ్ళోనే ఉండిపోయాయి. కొట్టు లేచింది. పానిక్ కుట్టింది, మిగతా ఆడవాళ్ళు కుట్టారు. ఆ చలికాలం ఆ ఒడ్డున ఒక్కరికీ వేలు పోలేదు. వ్యాపారి మరుసటి ఓడెక్కి ఎటో పోయాడు.

ఇప్పటికీ ఆ ఒడ్డున ఎప్పుడూ ఒక నౌయా ఉంటుందట. ఒక నౌయా కన్నుమూస్తే, తరవాత పుట్టిన పిల్లకి ఆ పేరు పెడతారు. ఏటా కుట్టిన మొదటి జత బూట్లు ఆ నౌయా నోటికి అందించి, పంటి గాటు పడ్డాకే అమ్మకానికి పెడతారు. సాయం తెచ్చే గుమాస్తాలు మారిపోతూనే ఉన్నారు. కొత్తగా వచ్చినవాడు గుమ్మంలో నిలబడి, కొట్టు ఎవరిది, ఆ మనిషి ఉన్నట్టా పోయినట్టా అని అడిగితే, లోపలినుంచి ఎవరో ఒకరు మెల్లిగా చెబుతారు.

"ఉంది. నిద్రపోతోంది, కూర్చోండి."

వాళ్ళు కూర్చుంటారు.